శ్రీరాంపూరు చదువు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాయవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను రైల్వే చరిత్రే వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. 1974 సమ్మె గురించి గాని, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గురించి గాని వ్రాయగల పెద్దలు మన సభ్యులలో నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. అందుచేత వారందరి క్షమాపణ కోరుకొని, హౌరా నుండి లోకల్ బండిలో అరగంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక కాలేజీ చరిత్ర వ్రాస్తున్నాను. ఆ కాలేజీకి నేను విద్యార్థిగా వెళ్ళలేదు. నా తోడబుట్టిన అన్న వెళ్ళాడు. నేను నెలనెలా మనియార్డరు పంపేవాణ్ణి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆయన తండ్రి 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకొన్నవారిలో ఒకడని మా ఇంట్లో చెప్పుకొనేవారు. ఆ ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకొన్నారన్నది అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్రలో ప్రసిద్ధమైన సంగతి. అంతకుముందు రెండేళ్ళుగా కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. పనికోసం మతం మార్చారనే మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. దీని మీద రెండు రకాల వాదనలూ నేను విన్నాను. మా ముత్తాత మనసులో ఏముందో నేనెరుగను. ఆయనకు అక్షరం రాదు. ఆయన మనుమడు, అంటే మా నాయన, మిషను బడిలో చదువుకొని ఉపదేశి అయినాడు. నాయన దగ్గర ఉన్న పుస్తకాలు రెండు: తెలుగు బైబిలు, కీర్తనల పుస్తకం. ఆ బైబిలు ఎవరు తెలుగు చేశారు, ఏ భాషనుంచి చేశారు అని అన్న చిన్నతనంలో అడిగితే, “దొరలు చేశారు” అని మాత్రం చెప్పేవాడు.

అన్న గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి, బి.డి. చదువుతానన్నాడు. తెలుగు దేశంలో రామాయపట్నం, రాజమండ్రి సెమినరీలు పాతవే గాని, ఆ రోజుల్లో బి.డి. చదవాలంటే శ్రీరాంపూరో బెంగుళూరో పోవాలి. అన్న శ్రీరాంపూరు ఎన్నుకొన్నాడు. నాకు ఇంటర్మీడియట్‌తో చదువు ఆగింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమైన మాకు షెడ్యూల్డు కులాల రిజర్వేషను లేదు. జనరల్ పరీక్షే వ్రాసి, 1963లో ఖరగ్‌పూర్‌లో గుమాస్తాగా చేరాను. జీతం వచ్చిన మరునాడు ముప్ఫై రూపాయలు అన్నకు పంపడం అప్పటినుండి మొదలు.

సెలవు దొరికిన ఆదివారాల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఖరగ్‌పూర్ నుండి హౌరా దాకా ఆవిరి ఇంజను, అక్కడ మారి ఎలక్ట్రిక్ లోకల్. స్టేషను నుండి రిక్షాలో గంగ ఒడ్డుకు పోతే ఎత్తైన స్తంభాలతో కాలేజీ భవనం. అవతలి ఒడ్డున బ్యారక్‌పూర్. ఆ ఇనుప గేట్లూ, లోపలి మెట్లూ డెన్మార్కు రాజు కానుక అని మొదటిసారి అన్న చెప్పినప్పుడు, బెంగాలుకు డెన్మార్కు రాజెందుకు వచ్చాడని అడిగాను. ఈ వ్యాసం చదివేవారికీ అదే సందేహం వస్తుంది కనుక ఆ కథ కొంచెం చెబుతాను.

శ్రీరాంపూరు 1755 నుండి 1845 దాకా డెన్మార్కువారి స్థావరం. వారు పెట్టిన పేరు ఫ్రెడరిక్స్‌నగర్. విలియం కేరీ 1793లో బెంగాలుకు వచ్చాడు. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టదు, వ్యాపారానికి చిక్కులు తెస్తారని. కేరీ నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరు పని చేసి పొట్టపోసుకొన్నాడు. 1799లో మరికొందరు ఇంగ్లండు నుండి వచ్చి, కంపెనీ గడ్డ మీద కాలు పెడితే తిప్పి పంపుతారని నేరుగా డేనిష్ శ్రీరాంపూరు చేరారు. 1800 జనవరిలో కేరీ వచ్చి వాళ్ళతో కలిశాడు. ఇంగ్లీషువాళ్ళ ప్రచారానికి ఇంగ్లీషు ప్రభుత్వం నీడ ఇవ్వకపోతే డెన్మార్కు జెండా ఇచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో దొరలందరూ ఒక్కటే అన్నట్లు ఉంటుంది గాని, సంగతి అంత సులువు కాదు.

ఆ ముగ్గురి పుట్టుక గురించి అన్న చెప్పిన మాటలు మా నాయనకు ఎంతో నచ్చాయి. కేరీ చెప్పులు కుట్టినవాడు. ఆ పని చేసుకొంటూనే లాటిను, గ్రీకు, హీబ్రూ సొంతంగా నేర్చుకొన్నాడు. మార్ష్‌మన్ మగ్గం నేసేవాడి కొడుకు. వార్డు అచ్చుపనివాడు. సెలవులకు ఇంటికి వచ్చి అన్న ఈ సంగతి చెప్పిన రాత్రి, నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మా తాత వాడిన ఆరె, రంపె ఉన్న గోనెసంచి అటక మీదనుంచి దింపించి చూసుకొన్నాడు.

కేరీ 1801లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ, ఆ తరువాత సంస్కృతం, మరాఠీ బోధించాడు. శ్రీరాంపూరు అచ్చు కార్యాలయంలో దేశభాషలు ఒక్కొక్కటిగా ఎక్కాయి. పంచానన కర్మకారుడనే కమ్మరి పంచులు చెక్కి బెంగాలీ, దేవనాగరి అక్షరాలు తయారుచేశాడు. 1812 మార్చి 11వ తేదీ సాయంత్రం అచ్చు కార్యాలయం అంటుకొంది. కాగితం, వ్రాతప్రతులు బూడిద. కేరీ తయారుచేస్తున్న తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కూడా ఆ మంటల్లోనే పోయింది. సీసపు అక్షరాలు కరిగి ముద్దలయినా, ఉక్కు పంచులు బూడిదలో దొరికాయి. ఆ ముద్దలనే మళ్ళీ కరిగించి, అక్షరాలు పోతపోసి, కొద్ది నెలల్లో పని మొదలుపెట్టారు. తెలుగు వ్యాకరణం మళ్ళీ వ్రాసి 1814లో అచ్చువేశారు. తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది. కాలేజీ పెట్టింది కూడా ఆ సంవత్సరమే.

తెలుగు బైబిలు అక్కడే మొదలయిందనుకొంటే పొరపాటు. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను 1727 ప్రాంతంలోనే మద్రాసులో కూర్చుని కొత్త నిబంధనను, 1732 నాటికి పాత నిబంధనను తెలుగు చేశాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. కాని ఆయనే జర్మనీకి తిరిగి వెళ్ళి హాలే పట్నంలో 1746లో చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అచ్చుపుస్తకం పుట్టినిల్లు జర్మనీ అంటే ఇప్పటికీ మనవాళ్ళు నమ్మరు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్‌గ్రాంజ్ దొరలు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో సువార్తలు తెలుగు చేశారు. ఇద్దరు దొరలూ అయిదేళ్ళలోపే చనిపోయారు. వారి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులోనే అచ్చయ్యాయి. శ్రీరాంపూరువారి సొంత తెలుగు అనువాదం మాత్రం జనంలో నిలవలేదు. తెలుగు మాట చెవిన పడని గంగ ఒడ్డున కూర్చుని చేసిన తెలుగు ఎంత పండితుల సాయం ఉన్నా ఎలా నిలుస్తుందని నా అభిప్రాయం. అట్టల మీద దొరల పేర్లు నిలిచాయి. పక్కన కూర్చుని మాట మాటకూ తెలుగు అందించిన పండితులలో ఆనందరాయర్ లాగా పేరు మిగిలినవారు కొద్దిమందే. మా నాయన “దొరలు చేశారు” అన్నది అందుకే సగం నిజం.

కాలేజీ సంగతికి వస్తే, స్థాపకులు దానిని పాదిరీల తయారీ బడిగా మాత్రమే తలపెట్టలేదు. క్రైస్తవులతో పాటు ఇతర మతాల పిల్లలకు కూడా తూర్పుదేశాల వాఙ్మయం, పడమటి శాస్త్రాలు చెప్పాలనుకొన్నారు. సంస్కృతానికి పెద్దపీట వేశారు. కులం, రంగు, దేశం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని నిబంధనల్లోనే వ్రాసుకొన్నారు. 1827 ఫిబ్రవరి 23న డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఈ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారంతో చార్టరు ఇచ్చాడు. మార్ష్‌మన్ స్వయంగా కోపెన్‌హాగన్ వెళ్ళి సంపాదించుకొని వచ్చాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో పుట్టాయి. అంటే వాటికంటె ముప్ఫై ఏళ్ళు ముందే మన దేశంలో ఒక కాలేజీకి విశ్వవిద్యాలయ హోదా ఉందన్నమాట. 1845లో డెన్మార్కువారు శ్రీరాంపూరును, తరంగంబాడిని కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు కంపెనీకి అమ్మేసినప్పుడు కూడా ఆ చార్టరు హక్కు పోకుండా ఒప్పందంలో వ్రాయించుకొన్నారు.

హక్కు ఉన్నా, దానిని వాడుకోవడానికి చాలా కాలం పట్టింది. జార్జి హవెల్స్ ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు, 1915లో మొదటిసారి ముగ్గురికి బి.డి. పట్టాలిచ్చారు. 1918లో బెంగాలు శాసనమండలి చేసిన చట్టంతో సెనేటు ఏర్పడి, దేశంలోని ఇతర వేదాంత కళాశాలలు దానికి అనుబంధమయ్యాయి. 1964లో రాజమండ్రిలో వివిధ మిషనుల సెమినరీలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయినప్పుడు అది కూడా శ్రీరాంపూరు పట్టాలకే చదివించింది. 1973లో ఆ కళాశాల హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డుకు మారింది. పాత నిబంధన పండితులు విక్టర్ ప్రేమసాగర్‌గారు అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేసి, తరువాత మెదక్ బిషప్పు, దక్షిణ ఇండియా సంఘానికి మోడరేటరు అయినారు. అన్న మాత్రం మూడేళ్ళూ గంగ ఒడ్డునే గడిపాడు.

ఇక ఆ చదువు ఎలాంటిదో చెప్పాలి. హీబ్రూకు ఇరవైరెండు అక్షరాలు, అన్నీ హల్లులే. అచ్చులకు బదులు కిందా మీదా చుక్కలు, గీతలు. ఆ చుక్కలు కూడా చాలా శతాబ్దాల తరువాత పండితులు చేర్చినవి. వ్రాత కుడినుంచి ఎడమకు. అన్న నోటుపుస్తకం వెనక అట్టనుంచి మొదలవుతుంది. మూడు హల్లులు కలిస్తే ఒక ధాతువు. క, త, బ అనే మూడింటిలో వ్రాయడం అనే అర్థం ఉంది. “మీ ఖరగ్‌పూర్‌లో ముస్లిములు పుస్తకాన్ని కితాబు అంటారు కదరా, అదే ఇది” అని నాకు ఉత్తరంలో వ్రాశాడు. అరబ్బీ, హీబ్రూ అక్కచెల్లెళ్ళు. మనం రోజూ వినే సలాం, వాళ్ళ షాలోం ఒకటే మాట. క్రియ వాక్యంలో ముందు వస్తుంది. మనకు చివర. రెండో పురుషలో కూడా ఆడవారికి వేరు, మగవారికి వేరు. ద్వివచనం ఉంది, సంస్కృతంలో లాగా.

గ్రీకు వేరే దారి. నామవాచకం చివరలు మారుతుంటాయి. ఇంగ్లీషు బళ్ళలో చదివినవాళ్ళు ఇదేమి గోల అని తల పట్టుకొంటే, మా అన్నకు నవ్వు వచ్చేదట. డుమువులు వల్లించినవాడికి విభక్తి కొత్తా? అయితే వ్యాకరణాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. నన్ వ్రాసిన గ్రీకు పాఠాలు, డేవిడ్‌సన్ వ్రాసిన హీబ్రూ వ్యాకరణం. పల్లెటూరి తెలుగువాడు ముందు ఇంగ్లీషు గోడ ఎక్కి, దాని మీదనుంచి హీబ్రూ పెరట్లోకి దూకాలి. కాళ్ళు విరిగేవి ఆ మొదటి గోడ దగ్గరే. అన్న మొదటి సంవత్సరం పరీక్షలో దెబ్బతిన్నది హీబ్రూలో కాదు, ఇంగ్లీషు వ్యాసాల పేపరులో.

నోటుపుస్తకంలో పేజీకి నాలుగు నిలువు గళ్ళు గీసుకొన్నాడు. మూలం, ఇంగ్లీషు, మన తెలుగు బైబిలులోని మాట, నాలుగవది ఖాళీ. ఖాళీ గడిలో తన సందేహాలు. గ్రీకులో మంచి కబురు అనే అర్థంలో ఉన్న సమాసానికి తెలుగువారు ‘సువార్త’ అన్నారు. ముక్కకు ముక్క సరిపోయింది. అక్కడ అన్న “శభాష్” అని వ్రాశాడు. మరొకచోట చిక్కు. హీబ్రూలో ‘రూఅహ్’ అంటే గాలి, ఊపిరి, ఆత్మ. గ్రీకు ‘ప్నెవ్మ’ కూడా అంతే. యోహాను సువార్తలో యేసు రాత్రిపూట వచ్చిన నికోదేముతో మాట్లాడుతూ ఆ ఒక్క మాటనే రెండు అర్థాలలో వాడతాడు. తెలుగులో గాలి వేరు, ఆత్మ వేరు. ఆ చమత్కారం మనకు అందదు. ఎవరి తప్పూ కాదు.

అన్నిటికంటె అన్నను పట్టుకొన్నది ‘మేము’, ‘మనము’. ఈ తేడా గ్రీకుకు లేదు, ఇంగ్లీషుకూ లేదు. మనకు ఉంది. సముద్రంలో తుఫాను లేచినప్పుడు దోనెలో నిద్రపోతున్న యేసును శిష్యులు లేపి, చచ్చిపోతున్నామని మొరపెట్టుకొంటారు. ఆ చచ్చిపోయేవారిలో యేసు ఉన్నాడా లేడా? ‘మేము’ అంటే ఆయన లేడు. ‘మనము’ అంటే ఆయనా ఉన్నాడు. గ్రీకు క్రియ చివర ఉన్న ఒక ప్రత్యయం ఇంతకంటె ఏమీ చెప్పదు. తెలుగు చేసినవాడు మాత్రం ఏదో ఒకటి తేల్చుకోకుండా కలం కదపలేడు. మన బైబిలులో ‘మేము’ అని ఉంది. నాలుగవ గడిలో అన్న “ఎవరు నిర్ణయించారు?” అని వ్రాసి కింద రెండు గీతలు గీశాడు.

1966లో చదువు ముగించి అన్న మన జిల్లాకే పాస్టరుగా వచ్చాడు. సముద్రం ఒడ్డు పల్లెలు, కాలువ గట్లు. సైకిలు మీద తిరుగుడు. సంఘంలో అతన్ని హీబ్రూ అడిగినవాడు లేడు. అడిగింది ప్రార్థన, పెండ్లి, భూస్థాపన, పిల్లవాడికి హాస్టలు సీటు. ఆమేన్, హల్లెలూయ, హోసన్నా అని ముసలమ్మలు గట్టిగా అంటుంటే “అవ్వా, నీకు కూడా హీబ్రూ వచ్చునే” అని నవ్వించేవాడు.

నాకు మాత్రం లోపల ఒక కారం ఉండేది. ఇప్పుడు దాచడం ఎందుకు? నా జీతం అతని జీతానికి రెండింతలయింది. నా చదువు ఆగిపోయి అతని చదువు సాగింది. ఆ చదువు చూస్తే పల్లెలో ఎవరికీ అక్కరలేనిది. 1983లో నాయన పోయినప్పుడు, దినం అయిన రాత్రి, అరుగు మీద అడిగేశాను. “అన్నా, ఆ హీబ్రూ వల్ల మనకేమొచ్చింది?” అతను కోప్పడలేదు. “నాయనకు ఎవరో చెప్పింది నమ్మడమే దారి. నేను చూసి చెప్పగలను. అంతేరా” అన్నాడు. నాకు ఆ జవాబు చాలలేదు. మరునాడు బండెక్కి ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాను.

మేము, మనము సంగతి మాత్రం ఒకసారి అనుకోకుండా తేలింది. 1977 నవంబరు ఉప్పెన తరువాతి సంవత్సరం, ఒడ్డున ఒక పల్లెకారుల గుంపులో అన్న ఆ తుఫాను కథే ప్రసంగించాడట. ప్రసంగం మధ్యలో, వాళ్ళు మేము అన్నారో మనము అన్నారో మూలంలో తెలియదని చెప్పాడు. వెనకనుంచి ఒక ముసలి పల్లెకారి లేచి, “దోనెలో ఉన్నాక మేమేంటయ్యా, మనమే అంటారు. దోనె మునిగితే అందరూ మునుగుతారు గదా” అన్నాడట. ఆ తేదీ, ఆ మాట నోటుపుస్తకంలో నాలుగవ గడిలో, ఆ పాత ప్రశ్న కిందనే వేరే సిరాతో ఉన్నాయి. ఆయనే లేచి గాలిని గద్దించేవాడు కదా, ఆయన ఎలా మునుగుతాడు అని వాదించేవారూ ఉంటారు. అది పండితులు చూసుకోవలసిన విషయం.

అన్న 2009లో పోయాడు. నేను 2004లో రిటైరై సికింద్రాబాదులో స్థిరపడ్డాను. వదిన నోటుపుస్తకాలు మూడు, డేవిడ్‌సన్ వ్యాకరణం నాకు ఇచ్చింది. రెండేళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశాను. తరువాత మా చర్చికి వచ్చిన ఒక యువ పాస్టరుగారు వాటిని చూసి ముచ్చటపడి, శనివారం సాయంత్రాలు నాకు అక్షరాలు నేర్పుతానన్నారు. అరవై ఏడేళ్ళ వయసులో పలక పట్టినట్లయింది. చుక్కలు కనపడక భూతద్దం కొన్నాను. ఆదికాండం మొదటి అధ్యాయం కూడబలుక్కొని చదవడానికి పదకొండు నెలలు పట్టింది. దయచేసి ఎవరూ మెచ్చుకోవద్దు. ఇప్పటికీ క్రియారూపాలు తప్పుతాను.

మూడవ నోటుపుస్తకం చివరి పేజీలో ఒక పట్టీ ఉంది. నెల పేరు, సంవత్సరం తెలుగులో. ఎదురుగా ఒకే ఒక హీబ్రూ అక్షరం, వరుస తరువాత వరుస, అదే అక్షరం. అది ఏదో వ్యాకరణ అభ్యాసం అనుకొని చాలాకాలం వదిలేశాను. హీబ్రూలో అక్షరాలనే అంకెలుగా కూడా వాడతారని, వాటి విలువలు ఇవీ అని పాస్టరుగారు ఒక శనివారం చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ అక్షరం పేరు లామెద్. దాని విలువ ముప్ఫై. నేర్చుకోవడం అనే ధాతువులో ఉన్నవి కూడా ఆ పేరులోని మూడు హల్లులేనట.

ఆ పట్టీలో ఒక్క నెల మాత్రం, 1964 అక్టోబరు, లామెద్ బదులు కాఫ్ ఉంది. కాఫ్ అంటే ఇరవై. ఆ నెల నేను గోల్ బజారులో చేతిగడియారానికి మొదటి వాయిదా కట్టాను. జ్వరం వచ్చి మందులకు ఖర్చయిందని అన్నకు వ్రాశాను.